ఆరో పన్ను

నిద్రపోకూడదు అనుకుంది కెర్తి. చిగురు కోయనీ, ఎముక తొలచనీ, పన్ను ముక్కలు చేయనీ, తను మాత్రం నిద్రపోకూడదు. వాలుకుర్చీలో వెల్లకిలా పడుకోబెట్టి, చేతికి రక్తపోటు పట్టీ చుట్టి, చూపుడువేలికి చిన్న క్లిప్పు తగిలించి నర్సు పక్కకు వెళ్లింది. నెత్తిమీది పెద్ద దీపం ఇంకా వెలిగించలేదు. దాని గాజులో తన ముఖం వంకరగా కనిపిస్తోంది, వాచిన కుడి దవడ ఇంకా వంకరగా. ఆ వంకర ముఖం వెనక గోడ, గోడకు గడియారం, గడియారం కింద మందుల బల్ల, ఆ బల్ల దగ్గర అక్క స్వస్తిని వీపు. ఆకుపచ్చ ఆసుపత్రి బట్టల్లో కూడా ఆ వీపు నిటారుగా ఉంది. ఎవరికైనా ఆసుపత్రి బట్టలు వేస్తే సంచిలా వేలాడతాయి, దీనికి మాత్రం కొలిచి కుట్టినట్టు ఎందుకుండాలి. కాళ్ల దగ్గర ఆర్సన ఉన్నాడు. మధ్యలో ఆకుపచ్చ గుడ్డ తెర కట్టారు కాబట్టి మనిషి కనిపించడు, కానీ అతని అరచెయ్యి ఆమె కుడిపాదం మీద వెచ్చగా ఉంది. అది ఉన్నంతసేపూ మొగుడు ఇక్కడే ఉన్నట్టు. తను పెట్టిన షరతు అది.

ఆ షరతు విని స్వస్తిని నవ్వింది. మొన్న, ఇదే గదిలో. పెదనాన్న కూతురు, ఏడాది పెద్ద, ఒకే వాకిట్లో పెరిగిన మనిషి, ఇప్పుడు డెన్‌పసార్‌లో ఈ వైపు ఏ పళ్ల ఆసుపత్రిలో ఎవరికి మత్తు ఇవ్వాలన్నా ఆమే రావాలి. ఊళ్లో ఇంకో మత్తు డాక్టరు లేడా అని కెర్తి మూడు రోజులు వాకబు చేసింది. ఉన్నాడు, సింగరాజాకు బదిలీ అయిపోయాడు. అంతా ఇలాగే జరుగుతుంది. దేవుడికి కూడా వేరే పని ఉండదు. అంతకు ముందు, మొదటిసారి వచ్చిన రోజున, స్వస్తిని ఎదురుగా కూర్చుని, బుట్టలో పళ్లు చూపించే దుకాణందారులా ఒక్కొక్కటే చెప్పింది, చిన్నప్పటిలాగే లూ అని పిలుస్తూ. మొదటిది చిగుట్లో సూది, దవడ మొద్దుబారుతుంది, నొప్పి ఉండదు, చప్పుడు మాత్రం నీ తలకాయలోనే వినిపిస్తుంది లూ. రెండోది ముక్కుకు తొడుగు పెట్టి పీల్చే గాలి, ఒళ్లు తేలిపోయినట్టుంటుంది, తొడుగు తీస్తే దిగిపోతుంది. మూడోది నరంలోకి మందు, అది పూర్తి నిద్ర కాదు, పిలిస్తే పలుకుతావు, నోరు తెరవమంటే తెరుస్తావు, కానీ తర్వాత ఏదీ గుర్తుండదు. నాలుగోది పెద్దాసుపత్రిలో గొంతులోకి గొట్టం దించి ఒళ్లు తెలియకుండా పడుకోబెట్టడం, నీకు అంత అక్కర్లేదు. జ్ఞానదంతం ఎముకలో అడ్డంగా పడుకుంది, ముక్కలు చేసి తియ్యాలి, నన్నడిగితే మూడోది.

మొదటిది చాలు అంది కెర్తి. నువ్వు తట్టుకోలేవు, నాకు తెలుసు అంది స్వస్తిని. ఆ 'నాకు తెలుసు' దగ్గరే ఒళ్లు మండింది. ఏం తెలుసు? ఎవరిని అడిగి తెలుసుకుంది? ఆ మంటలోనే పోయినవారం మొదటిదానికి కూర్చుంది. పన్ను తీసే డాక్టరు, లుకితో అనే ఆయన, సూది పట్టుకుని వంగగానే తనకు తెలియకుండానే ఆయన వేలు కొరికింది. రక్తపోటు యంత్రం గోల పెట్టింది. ఆయన జావా మనిషి, నెమ్మది మనిషి, వేలు కడుక్కుంటూ, అమ్మా, చీము గొంతులోకి దిగితే ప్రాణం మీదికొస్తుంది, మత్తు లేకుండా మాత్రం నేను మిమ్మల్ని ముట్టుకోను అన్నాడు. అంతే, తలుపులన్నీ మూసేసి ఒక్కటే తెరిచి ఉంచినట్టయింది, ఆ తలుపు దగ్గర స్వస్తిని నిలబడి ఉంది. తను కళ్లు మూసుకోవాలి. తను కళ్లు మూసుకున్నంతసేపూ బయట బెంచీ మీద ఆర్సన ఉంటాడు, లోపల ఈమె ఉంటుంది, మధ్యలో ఒక తలుపు. ఆ గంటలో ఏం మాట్లాడుకున్నా, ఎలా చూసుకున్నా, అడిగే దిక్కుండదు. చావనైనా చస్తాను గానీ ఆ గంట వాళ్లకివ్వను అని గట్టిగా అనుకుంది. తర్వాత పిల్లలిద్దరూ గుర్తొచ్చారు. అప్పుడు ఆలోచించి ఆలోచించి ఈ షరతు పెట్టింది. పళ్లు అరగదీసే రోజున మేనత్తలు మన కాళ్లు పట్టుకుని కూర్చోలేదా అక్కా, అలా ఆయన నా కాలు పట్టుకుని కూర్చోవాలి, లేకపోతే నేను రాను.

మరి మేనత్తలు పట్టుకున్నారు కదా. తన పదహారో ఏట, పెదనాన్నగారి వాకిట్లో, పందిరి కింద. తెల్లబట్ట, దాని మీద పసుపుబట్ట పరిచిన మంచం, పక్కపక్కనే ఇద్దరమ్మాయిలు, స్వస్తిని, తను. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలుంటే ఒకే ముహూర్తానికి కానిచ్చేస్తారు. పైవరసలో ముందు ఆరు పళ్లు. కామం ఒకటి, క్రోధం ఒకటి, లోభం, మోహం, మదం, చివరి కోరపన్ను మాత్సర్యం. ఆకురాయి పెట్టి వాటి కొసలు నున్నగా రాసేస్తే మనిషిలోని జంతువు పోయి మనిషి మిగులుతాడు. ఆ రోజున మందూ లేదు, మత్తూ లేదు. వెనక పళ్ల మధ్య చెరుకుముక్క ఇరికించి నోరు మూతపడకుండా చేశారు. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు, కెర్తి పుక్కిలించి ఊసినప్పుడల్లా పళ్లపొడి పసుపుపచ్చ కొబ్బరిబోండాంలో పడింది. పళ్లు రాసే పూజారి తాత చేతిలో ఆకురాయి గర్‌గర్‌మంటుంటే ఆ చప్పుడు తలలోనే, అవును, తలలోనే వినిపించింది. అప్పుడు స్వస్తిని ఏడవలేదు. మహారాణిలా పడుకుంది. తను ఏడ్చింది, ముక్కు కారింది, మేనత్త కొంగుతో తుడిచింది. ముందు స్వస్తినిది అయిపోయింది, లేచి కూర్చుంది. తనవి ఐదు అయ్యాయి. ఆరోదానికి రెండుసార్లు రాసి తాత ఆగాడు, అలవాటు ప్రకారం అద్దం చేతికిచ్చాడు. చూసుకో తల్లీ, చాలా, ఇంకా రాయనా?

అద్దం. చేతి అద్దం, అంచుకు వెండిపువ్వులు. అందులో తన పళ్లు చూసుకోవాలి. కానీ భుజం మీదుగా వెనకాల కనిపించింది. మెట్టు మీద ఆర్సన నిలబడి ఉన్నాడు. అప్పటికి ఎవరో డోలు వాయించే కుర్రాడు, పక్కవీధి మేళంలోవాడు, మూడునెలలుగా తను గుడిలో దొంగచూపులు చూస్తున్న కుర్రాడు. విరామంలో డోలు పక్కన పెట్టి వచ్చాడు. వాడి తలకాయకు ఇంత దూరంలో స్వస్తిని తలకాయ, బంగారుపూలు పెట్టుకుని. అద్దంలో రెండు తలలూ ఒకదాని పక్కన ఒకటి, పెళ్లిఫొటోలాగా.  చాలు తాతా, చాలు అంది. ఆయన సరేనని ఆకురాయి తుడిచి పెట్టేశాడు. అందరూ, పాపం పిల్ల నొప్పికి ఓర్చుకోలేకపోయింది అనుకున్నారు. ఆరో పన్ను అలాగే మిగిలింది. ఇప్పటికీ నాలుకతో తడిమితే కొస తగులుతుంది. మిగతా ఐదూ నున్నగా ఉంటాయి. తన బతుకంతా ఆ కొస మీదే నిలబడింది అని కెర్తికి గట్టి నమ్మకం. మాత్సర్యం అరగలేదు, అందుకే తగ్గలేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే మళ్లీ పడుకోబెట్టి రాస్తారేమోనని ఒక భయం, తగ్గిపోతే మొగుడిని కాపలా కాసేదెవరని ఇంకో భయం.

ఎందుకంటే కాపలా కాయాల్సిన మొగుడే కదా. స్వస్తిని డాక్టరు చదువుకు సురబాయ వెళ్లిపోయింది, తర్వాత ఆర్సన తనను అడిగాడు. ఆ 'తర్వాత' అనే మాట పెళ్లినాటి నుంచీ గొంతులో చేపముల్లు. అది వెళ్లకపోతే తనను అడిగేవాడా? అన్నం వడ్డిస్తూ అనుకుంటుంది, పూజకు కొబ్బరాకు మడిచి బుట్టలు కుట్టుకుంటూ అనుకుంటుంది. రోజుకు వందలు కుడుతుంది, బజారంతా కెర్తి బుట్టలే కావాలంటుంది, స్వస్తిని మాత్రం ఎదురు దుకాణంలో కొంటుంది. ఎందుకు కొంటుంది? తన మొహం చూడలేకనా, తన మొగుడి మొహం చూడలేకనా? పండగకు వాకిట్లోకి వస్తే ఆర్సన కాఫీ కలిపి ఇస్తాడు, చక్కెర లేకుండా. అది చక్కెర వేసుకోదని ఎవరు చెప్పారు ఆయనకు? అడిగితే, ఎప్పుడో నువ్వే చెప్పావు కదే అన్నాడు. చెప్పిందేమో. అయినా గుర్తెందుకు పెట్టుకోవాలి, తన పుట్టినరోజు గుర్తుండదు గానీ దాని కాఫీ గుర్తుంటుందా. ఇద్దరూ మొహమొహాలు చూసుకుని జోకులేసుకుంటారు, తన ఎదురుగానే, ఏ బెరుకూ లేకుండా. ఇవాళ పొద్దున కూడా. "ఇది మత్తులో కూడా పోట్లాడుతుంది, మందు ఓ చెంచాడు ఎక్కువ పొయ్యండి డాక్టరమ్మా" అన్నాడు ఆర్సన. "పోస్తాలే, నువ్వు ఆ కాలు గట్టిగా పట్టుకో, తన్నిందంటే నాకు పూచీ లేదు" అంది స్వస్తిని. ఇద్దరూ పడీపడీ నవ్వారు. తెల్లారుజాము నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా, ఎదురింటి అన్నం పొట్లాల వాసన పీలుస్తూ కూర్చున్న మనిషి ముందు నవ్వారు.

ఇప్పుడు ఆ నవ్వు లేదు. స్వస్తిని వచ్చి పక్కన స్టూలు మీద కూర్చుంది. ముఖానికి సగం ముసుగు, పైన కళ్లు. మోచేతి మడత దగ్గర సూది దిగింది, చీమ కుట్టినంత. "లూ, మందు వెళ్తోంది. చెయ్యి చల్లగా అనిపిస్తుంది."

"నేను నిద్రపోను."

"పోవద్దు. నాతో మాట్లాడుతూ ఉండు."

లుకితో డాక్టరుగారు చేతులు శుభ్రం చేసుకోవడానికి పక్కగదిలోకి వెళ్లాడు, పనిముట్ల పళ్లెం కోసం నర్సు ఆయన వెనకే వెళ్లింది. యంత్రం టిక్కుటిక్కుమంటోంది. చల్లదనం మోచేతి దగ్గర బయలుదేరి భుజం ఎక్కింది, భుజం మీద కాసేపు కూర్చుని మెడలోకి జారింది, అక్కడ చల్లదనం కాకుండా పోయి వెచ్చనైంది, మంచి వెచ్చన, చలిజ్వరం తగ్గాక దుప్పట్లో ఉండే వెచ్చన. గడియారం గోడ మీదే ఉంది కానీ దాంతో పనిలేదు. దవడ నొప్పి ఉంది, ఎవరిదో. ఆకలి ఉంది, అదీ ఎవరిదో. గాజులో వంకర ముఖం తనకేసి చూసి జాలిగా నవ్వింది. ఇంత హాయిగా ఉంటుందని ముందే చెప్పి ఉంటే. పాదం మీద చెయ్యి ఉంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఏళ్ల తరబడి గొంతులో ఇరుక్కున్న ముల్లు ఎవరూ తియ్యకుండానే మెత్తబడి నాలుక మీదికొచ్చింది.

"అక్కా, ఆ రోజు ఆయన నిన్నే చూశాడు."

"ఎవరు?"

"ఇంకెవరు, ఈయనే. పళ్లు రాసిన రోజు. డోలు పక్కన పడేసి వచ్చి మెట్టు మీద నిలబడి నిన్నే చూశాడు. నాకు అద్దంలో కనిపించింది. అందుకే తాతను చాలన్నాను. ఆరో పన్ను అరగలేదక్కా. అందుకే నాకిదంతా."

లోగొంతుకలోనే చెప్పేసింది. ఎంత తేలిక. ఊళ్లో మాట్లాడే మాటల్లోనే చెప్పింది, ఇక్కడ ఇండోనేషియా భాష మాట్లాడాలన్న సంగతి కూడా గుర్తులేదు.  యంత్రం టిక్కుటిక్కుమంది. స్వస్తిని ముసుగు కిందికి లాగి వంగింది, చెవి దగ్గరకు. ఆమె ఊపిరి లవంగం వాసన వేసింది, చిన్నప్పుడు ఒకే చాప మీద పడుకున్నప్పుడు వేసిన వాసన.

"నువ్వు అద్దంలో చూసింది రెండు తలకాయలు లూ. కళ్లు ఎటున్నాయో నీకేం తెలుసు. అతను చూసింది నిన్ను. ముక్కు చీదుకుంటూ, చెరుకుముక్క కొరుక్కుంటూ, గుడ్లలో నీళ్లు పెట్టుకుని ఉన్నావు. అయినా నిన్నే చూశాడు. నేను అతన్ని చూస్తున్నాను."

"నువ్వా?"

"నేనే. పక్కన బంగారుపూలు పెట్టుకుని నేనుంటే దాన్నెందుకు చూస్తున్నాడా అని. నాకు ఆరూ చక్కగా రాశారు, తాత మెచ్చుకున్నాడు కూడా. ఏం లాభం. ఇన్నేళ్లూ నిన్ను చూసి కుళ్లుకుంటూనే ఉన్నాను. నీ దుకాణంలో బుట్టలు కొనబుద్ధి కాదు నాకు."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నావు?"

"నీకు గుర్తుండదు గనక."

నన్నే చూశాడు. ఆ మాట ఒంట్లోకి వెచ్చగా దిగింది, మందు కంటే వేగంగా. నన్నే. ఏడుస్తుంటే చూశాడు. ముక్కు కారుతుంటే చూశాడు. అయితే ఆ 'తర్వాత' అబద్ధం. సురబాయ అబద్ధం. కాఫీ ఉట్టి కాఫీ. ఎన్ని రాత్రులు, ఎన్ని చొక్కాలు వాసన చూసింది, ఎన్ని కూరల్లో ఉప్పెక్కువ వేసి పగ తీర్చుకుంది, అంతా ఎవరి మీద, తనను చూసిన మనిషి మీద. కన్నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి, చల్లగా, బాగున్నాయి. అక్క మీద కోపం రాలేదు. పాపం అనిపించింది. అది కూడా పక్కనే పడుకుని ఇదే కుళ్లు తిన్నది ఇన్నేళ్లూ, ఒకే విస్తట్లో. ఏదైనా మంచిమాట చెప్పాలి దానికి. చెవులు దూరమైపోయాయి కాబట్టి గట్టిగా చెబితేగానీ వినపడదు.

"అంటే ఆర్సన అంటే నీకు ఇష్టమా అక్కా? ఇప్పటికీనా?"

గది గోడలకు తగిలి మాట తిరిగొచ్చింది. ఎవరిదో చెయ్యి నోటి మీద పడింది, లవంగం వాసన చెయ్యి, ఆలస్యంగా పడింది. తెర అవతల కుర్చీ కిర్రుమంది. పాదం మీద చెయ్యి లేచింది. వెచ్చగా ఉన్న చోట చల్లగాలి తగిలింది, అరికాలంతా, వేళ్ల సందుల్లో. తీయకు అని మొగుడితో అందామనుకుంది కెర్తి. బ్లి, చెయ్యి తీయకు. నోరు కదల్లేదు. చాలాసేపో కొంచెంసేపో పాదం ఒంటరిగా ఉంది. తర్వాత చెయ్యి తిరిగొచ్చింది, అరచెయ్యి కాదు, వేళ్ల కొసలు మాత్రం, వేడి కప్పును తాకినట్టు.

అది తర్వాత చూసుకోవచ్చు. ముందు ఇది దాచుకోవాలి, గుర్తుండదంట. తను గుర్తుపెట్టుకుంటుంది, ఎలాగైనా పెట్టుకుంటుంది. పిడికిలి బిగించి అందులో పెట్టుకుంది. నన్నే చూశాడు. దీపం వెలిగింది, లోకమంతా తెల్లగా. నోరు తెరవండమ్మా అంది ఒక నెమ్మది గొంతు. తెరిచింది. చెరుకుముక్క పెట్టారు, తియ్యగా లేదు, రబ్బరు. మేనత్తలేరీ, పాట ఎత్తుకోరేం. ఎక్కడో ఎముక గరగరమంటోంది, తాత చెయ్యి ఎంత తేలిక, ఇంకా రాయి తాతా, చాలనను, ఆరోది కూడా రాసెయ్యి. నన్నే చూశాడు. కొబ్బరాకు మడిచింది, వెదురుపుల్ల గుచ్చింది, బుట్టలో మాట పెట్టింది, పైన పువ్వు పెట్టింది, ఏటి నీళ్లలో వదిలింది, అయ్యో వదలకూడదు కదా, పిడికిట్లో కదా. నన్నే చూ. బుట్ట వెళ్లిపోతోంది. పువ్వు కనిపిస్తోంది. నన్నే.

నోట్లో దూది. కుడి చెంప తనది కాదు, ఎవరో రాయి అతికించినట్టుంది. దీపం ఆర్పేశారు. కెర్తి గడియారం చూసింది, చూసి నమ్మలేదు. చేతికి సూది పెట్టారు, చెయ్యి చల్లగా అనిపిస్తుంది అన్నారు, ఇంతలోనే ఇది. మధ్యలో ఏమీ లేదు. ఎడమచేతి పిడికిలి బిగుసుకుని ఉంది. ఒక్కో వేలే విప్పింది. అరచేతిలో నాలుగు గోళ్ల గుర్తులు, ఎర్రగా, ఇంకేమీ లేదు. ఏం పట్టుకుందో. నొప్పికి బిగించి ఉంటుంది.

"అయిపోయిందమ్మా, బాగా సహకరించారు" అన్నాడు లుకితో డాక్టరుగారు. పళ్లెంలో మూడు ముక్కలైన పన్ను చూపించి వెళ్లిపోయాడు. నర్సు తెర పక్కకు లాగింది. ఆర్సన కాళ్ల దగ్గరే ఉన్నాడు, చెయ్యి పాదం మీదే ఉంది. కానీ కూర్చుని లేడు, నిలబడి గోడకున్న పళ్ల బొమ్మల కాగితం చదువుతున్నాడు. అందులో చదవడానికి ఏమీ లేదు. స్వస్తిని చేతి మీద ప్లాస్టరు అంటిస్తోంది, అంటించిన ప్లాస్టరునే మళ్లీ మళ్లీ నొక్కుతోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రాత్రి నిద్రలేదేమో.

"నేనేమైనా వాగానా?" అంది కెర్తి దూదిలోంచి.

"గురకపెట్టావు" అంది స్వస్తిని. "ఇవాళ వేడివి తినొద్దు. చల్లారిన గంజి. పుక్కిలించొద్దు. బండి మీద గట్టిగా పట్టుకుని కూర్చో." ఇదంతా ఇంటికి తీసుకెళ్లే మనిషికి చెప్పాల్సింది, కిటికీకి చెప్పింది. ఆర్సన జోకు వేస్తాడని కెర్తి ఎదురుచూసింది. డాక్టరమ్మా, రెండ్రోజులు నోరు తెరవకుండా కూడా ఏదైనా మందుంటే రాసివ్వండి అంటాడు, అది నవ్వుతుంది, తనకు ఒళ్లు మండుతుంది.  ఆర్సన గొంతు సవరించుకున్నాడు, అంతే. పళ్ల బొమ్మల కాగితం ఇంకా అయిపోయినట్టు లేదు. ఇద్దరిలో ఎవరూ ఎవరినీ చూడటం లేదు. పొద్దున చూసుకున్నారు, పండగలకు చూసుకున్నారు, ఇన్నేళ్లూ తన ఎదురుగా ఏ బెరుకూ లేకుండా చూసుకున్నారు.

నాలుక అలవాటుగా పైవరసలోకి వెళ్లింది. ఐదూ నున్నగా ఉన్నాయి. ఆరోది గుచ్చుకుంది.

"బ్లి" అంది మొగుడితో. "నా కాలు మీంచి చెయ్యి తీశావా?"

"లేదు" అన్నాడు ఆర్సన. "లేదు" అంది స్వస్తిని.

అడిగింది ఒకరిని. దూది తడిసి చిగురు కింద నొప్పి మెల్లగా మేలుకుంటుంటే కెర్తి ఆ రెండు గొంతులనూ మళ్లీ విన్నది. వాళ్లిద్దరూ ఒకే మాట కలిసి అనగా ఆమె వినడం, పెళ్లయ్యాక అదే మొదటిసారి.